బుధవారం టీ టైమ్‌కి నాలుగు లింకులు: చదివింది ఆఫీసులో పంచుకోవడం ఎలా

మా టీమ్ పని సర్వర్లు చూసుకోవడం. ఇరవై నాలుగు గంటలూ ఎవరో ఒకరు డ్యూటీలో ఉంటారు. సగంమంది హైదరాబాద్‌లో, మిగతావాళ్లు చెన్నైలో, పుణెలో. నేను ఉప్పల్‌లో మెట్రో ఎక్కితే రాయదుర్గం దాకా దాదాపు గంట. ఆ గంట ఫోన్‌లో చదువుకోవడం నాకు అలవాటు. మా పనికి పనికొచ్చే వ్యాసం కనిపిస్తే టీమ్ వాట్సాప్ గ్రూపులో పెట్టేసేదాన్ని. దాని కింద ఎవరిదో పుట్టినరోజు కేకు, క్యాబ్ ఎక్కడుందన్న ప్రశ్న, షిఫ్టు మార్చుకుంటారా అన్న బతిమాలాట. గంట తిరిగేసరికి నా లింకు ఎక్కడో పైకి వెళ్లిపోయేది.

2019లో ఒక రాత్రి మా నైట్ షిఫ్టు కుర్రాడు రెండు సర్వర్ల విండోలు పక్కపక్కన తెరుచుకుని, ఒకదానిలో కొట్టాల్సిన డిలీట్ కమాండ్ ఇంకోదానిలో కొట్టాడు. అది టెస్ట్ సర్వర్ కాబట్టి నష్టం పెద్దగా జరగలేదు. కానీ సరిగ్గా అలాంటి పొరపాటు మీదే ఒక వ్యాసం అంతకు పది రోజుల ముందు నేను గ్రూపులో పెట్టాను. పొద్దున అడిగితే, "చూశానక్కా. లోపల ఏముందో తెలీక తెరవలేదు" అన్నాడు. అతను అన్నదాంట్లో తప్పేమీ లేదు. నీలిరంగు అక్షరాల వరస చూసి అందులో తన పనికొచ్చేది ఉందని ఎవరికి మాత్రం ఎలా తెలుస్తుంది? తెలియజెప్పాల్సింది పంపినవాళ్లే. ఆ వారం నుంచి వాట్సాప్ మానేసి, వారానికొక మెయిల్ పంపడం మొదలుపెట్టాను. దాన్ని ఎలా తయారుచేస్తానో ఇక్కడ రాస్తున్నాను. మీ పని బ్యాంకులో అయినా, స్కూల్లో అయినా, ల్యాబ్‌లో అయినా పద్ధతి పెద్దగా మారదు.

లింకు మీద మూడు వాక్యాలు

ముందుగా ఇదే చెబుతున్నాను, ఎందుకంటే మిగతాదంతా దీని తర్వాతే. ప్రతి లింకు మీదా మీ సొంత మాటల్లో మూడు నాలుగు వాక్యాలు రాయండి. మొదటిది ఏం జరిగిందో చెప్పాలి. రెండోది అందులో విశేషం ఏమిటో చెప్పాలి. మూడోది మన టీమ్‌కి ఇది ఎందుకో చెప్పాలి. ఆ కుర్రాడు తెరవని వ్యాసాన్నే నా మొదటి మెయిల్‌లో మళ్లీ పెట్టాను. తెలుగులో చెప్పాలంటే ఇలా ఉంటుంది:

"రెండు సర్వర్లు, ఒక తప్పు విండో. 2017 జనవరి 31 రాత్రి, ప్రోగ్రామర్లు కోడ్ దాచుకునే గిట్‌ల్యాబ్ సైటు ఇంజినీరు ఒకరు రెండో డేటాబేస్‌లో చేయాల్సిన డిలీట్‌ని అసలు డేటాబేస్‌లో చేశారు. ఆపేసరికి 300 జీబీలో 4.5 జీబీ మాత్రమే మిగిలింది. బ్యాకప్‌కి అయిదు ఏర్పాట్లు ఉన్నాయనుకున్నారు, అవసరం పడ్డప్పుడు ఏదీ నమ్మకంగా పనిచేయలేదు. ఆరు గంటల ముందు వేరే పనికోసం చేత్తో తీసిన కాపీ ఒకటి ఉండబట్టి బయటపడ్డారు. మనం కూడా రాత్రిళ్లు రెండేసి విండోలతో పనిచేస్తున్నాం, మన బ్యాకప్‌ని తిరిగి ఎక్కించి చూసి చాలా కాలమైంది. అంతా చదవలేకపోతే బ్యాకప్‌లు ఎందుకు పనిచేయలేదో చెప్పిన భాగం చదవండి. 5 నిమిషాలు."

దీనికి పదకొండు జవాబులు వచ్చాయి. గ్రూపులో పెట్టినప్పుడు ఒక్క బొటనవేలు కూడా రాలేదు. ఆ నెలలోనే బ్యాకప్ తిరిగి ఎక్కించి చూసే పని మా క్యాలెండర్‌లోకి వచ్చింది.

మా మెయిల్ ఇంగ్లిష్‌లోనే వెళ్తుంది, చెన్నై వాళ్లూ పుణె వాళ్లూ చదవాలి కదా. కానీ నాకు ఆ వాక్యాలు ముందు తెలుగులోనే వస్తాయి. వ్యాసం మూసేసి, టీ మెషీన్ దగ్గర పక్క సీటు ఆవిడకి చెబుతున్నట్టు మనసులో చెప్పుకుంటాను. ఆవిడ కప్పు చేతిలో పట్టుకుని, "అయితే మనకేంటట?" అని అడుగుతుంది. దానికి జవాబు దొరికేదాకా చెబుతాను. ఆ జవాబే నా చివరి వాక్యం. జవాబు దొరక్కపోతే ఆ వ్యాసం ఎంత గొప్పదైనా ఆ వారం పెట్టను. "చాలా బాగుంది, తప్పక చదవండి" అని ఎప్పుడూ రాయను, దానివల్ల చదివేవాళ్లకి తెలిసేదేమీ లేదు.

ఇప్పుడు ఈ సారాంశాలన్నీ ఏఐకి ఇస్తే క్షణంలో రాసిస్తుంది కదా అని చాలామంది అంటున్నారు. వ్యాసంలో ఏముందో అది రాస్తుంది. మొన్న శనివారం రాత్రి మా దగ్గర డిస్క్ నిండిపోయి ఇద్దరు తెల్లారేదాకా కూర్చున్నారని దానికి తెలీదు. ఆ ఇద్దరికీ ఈ వ్యాసం ఎందుకు పనికొస్తుందో చెప్పాల్సింది నేనే. పైగా నేను పూర్తిగా చదవని వ్యాసాన్ని నలభైమంది సమయం తీసుకుని చదవమని అడగడం నాకు న్యాయంగా అనిపించదు.

ఏరుకోవడం

చదవడానికి సమయం ఎక్కడిది అని అడుగుతారు. రోజూ వెతకను. నాకు నచ్చిన పాతిక సైట్లకి ఆర్ఎస్ఎస్ ఫీడ్ పెట్టుకున్నాను, కొత్తది వచ్చినప్పుడు అదే ఒక చోటికి వచ్చి చేరుతుంది. ఫీడ్‌లు చదవడానికి వాడే గూగుల్ రీడర్ 2013 జులైలో మూతపడ్డాక ఆర్ఎస్ఎస్ పని అయిపోయిందనుకున్నారు గానీ ఫీడ్‌లీ, ఇనోరీడర్ లాంటివి ఉన్నాయి, బ్లాగుల్లో చాలావాటికి ఫీడ్ ఇప్పటికీ ఉంటుంది. పొద్దున మెట్రోలో హెడ్డింగులు చూసి, పనికొచ్చేలా ఉన్నవి దాచుకుంటాను. సాయంత్రం తిరుగు ప్రయాణంలో వాటిలో ఒకటో రెండో పూర్తిగా చదువుతాను.

దాచుకోవడం విషయంలో ఒక జాగ్రత్త. ఏళ్లతరబడి నేను పాకెట్ అనే యాప్‌లో లింకులు దాచుకున్నాను. 2025 జులైలో దాన్ని మూసేశారు. ముందే చెప్పారు కాబట్టి నా లింకులన్నీ దించుకోగలిగాను, కానీ ఒక్కో దానికి పెట్టుకున్న గుర్తులన్నీ సర్దుకునేసరికి రెండు ఆదివారాలు పట్టాయి. అప్పటినుంచి మామూలు ఎక్సెల్ షీటులో రాసుకుంటున్నాను. నాలుగే గడులు: తేదీ, లింకు, ఎవరికి పనికొస్తుంది, ఒక్క వాక్యంలో ఎందుకు. మూడో గడి చాలా ముఖ్యం. "నెట్‌వర్క్ వాళ్లు", "కొత్తగా చేరిన ముగ్గురు", "రాత్రి డ్యూటీ వాళ్లు" అని అక్కడికక్కడే రాసుకుంటే మంగళవారం రాత్రి మెయిల్ రాయడానికి కూర్చున్నప్పుడు సగం పని అయిపోయినట్టే.

వారానికి నాలుగు లింకులకి మించి పెట్టకండి. మొదట్లో నేను పదకొండు దాకా పెట్టేదాన్ని. ఏ ఒక్కటీ వదలబుద్ధయ్యేది కాదు. మా చెన్నై సహోద్యోగి ఒకాయన చాలా మర్యాదగా, "మేడమ్, వీకెండ్‌లో చదువుదామని పక్కన పెడుతున్నాను, ఇప్పటికి ఆరు మెయిళ్లు పోగయ్యాయి" అని రాశారు. పక్కన పెట్టిన మెయిల్ మళ్లీ తెరుచుకోవడం కష్టం. టీ తాగే పది పదిహేను నిమిషాల్లో ఒకటైనా చదవగలిగేలా ఉండాలి. బాగున్నవి రెండే దొరికిన వారం రెండే పంపుతాను. ఏమీ దొరక్కపోతే ఆ వారం మెయిల్ లేదు. నింపడానికని ఒకటి చేర్చిన వారం చదివేవాళ్లకి తెలిసిపోతుంది.

ఆ నాలుగింటిలో మొదటిది ఈ వారమే పనికొచ్చేది ఉండాలి. ఉదాహరణకి 2022 ఏప్రిల్ 28న సెర్ట్-ఇన్, అంటే సైబర్ భద్రత చూసే కేంద్ర ప్రభుత్వ సంస్థ, కొత్త ఆదేశాలు ఇచ్చింది. సైబర్ దాడి లాంటిది ఏదైనా గమనిస్తే ఆరు గంటల్లోపు తెలపాలి, లాగ్‌లు, అంటే సర్వర్లో ఏమేం జరిగిందో నమోదయ్యే రికార్డులు, 180 రోజులు దాచాలి. వార్తల్లో ఆరు గంటల గురించే ఎక్కువగా వచ్చింది. మా పనికి సూటిగా తగిలేది 180 రోజుల సంగతి, ఎందుకంటే చోటు చాలక కొన్ని సర్వర్లలో లాగ్‌లు అప్పట్లో 90 రోజులకే చెరిపేసేవాళ్లం. ఆ ఒక్క ముక్క మెయిల్‌లో పైన పెట్టాను. మధ్యాహ్నానికే స్టోరేజ్ టీమ్ నుంచి ఫోన్ వచ్చింది.

అందరూ మాట్లాడుకుంటున్న వార్త వెంటనే పెట్టాలన్న తొందర వద్దు. 2024 జులై 19, శుక్రవారం. క్రౌడ్‌స్ట్రైక్ అనే సెక్యూరిటీ సాఫ్ట్‌వేర్ కంపెనీ అప్‌డేట్ ఒకటి వెళ్లి ప్రపంచమంతా విండోస్ కంప్యూటర్లు నీలి తెరతో ఆగిపోయాయి. మైక్రోసాఫ్ట్ లెక్క ప్రకారం 85 లక్షల మెషీన్లు. మన శంషాబాద్ నుంచి వెళ్లే విమానానికి చేత్తో రాసిచ్చిన బోర్డింగ్ పాసు ఫొటో ఆ రోజు అందరి ఫోన్లలోకీ వచ్చింది. ఆ తర్వాతి బుధవారం నేను దాని మీద ఏమీ పెట్టలేదు, లింకులు అప్పటికే అందరి దగ్గరా ఉన్నాయి. ఆగస్టు 6న ఆ కంపెనీ పూర్తి కారణం బయటపెట్టింది. ప్రోగ్రాము 20 విలువలు వస్తాయనుకున్న చోట కొత్త అప్‌డేట్ 21వది కూడా చూడమంది, లేని దాన్ని చదవబోయి మెషీన్ కూలిపోయింది. మర్నాడు బుధవారం. అప్పుడు పెట్టాను, "మన కాన్ఫిగరేషన్ ఫైళ్లని కూడా కోడ్‌లాగే టెస్ట్ చేస్తున్నామా?" అని ఒక ప్రశ్న జోడించి. పంతొమ్మిది రోజులు ఆలస్యమైనా ఆ ఏడాది ఎక్కువ చర్చ జరిగింది దాని మీదే.

ఎక్స్‌జెడ్ వ్యవహారం గురించి కూడా చెప్పాలి. 2024 మార్చి చివర్లో ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజినీరు ఎస్ఎస్‌హెచ్ లాగిన్‌కి (దూరం నుంచి సర్వర్లోకి వెళ్లే పద్ధతి) అర సెకను ఎక్కువ పడుతోందని గమనించి, ఎందుకా అని తవ్వుకుంటూ వెళ్తే ఎక్స్‌జెడ్ లోపల ఎవరో దొంగదారి పెట్టినట్టు బయటపడింది. లినక్స్ సర్వర్లలో విస్తారంగా వాడే లైబ్రరీ, అంటే వేరే ప్రోగ్రాములు వాడుకునే కోడ్, అది. ఇలాంటి వ్యాసాలు నాకు చాలా ఇష్టం. మా టీమ్ కుర్రాళ్లు రాత్రంతా సర్వర్ల గ్రాఫులు చూస్తూ కూర్చుంటారు, "కొంచెం స్లోగా ఉందనిపించింది గానీ చెప్పలేదు" అంటుంటారు. అర సెకను తేడాని పట్టించుకున్న మనిషి వల్ల ఎంత ప్రమాదం తప్పిందో చదివాక, ఆ "అనిపించింది"ని రాసిపెట్టడానికి షిఫ్టు అప్పగించేటప్పుడు నింపే హ్యాండోవర్ షీటులో వాళ్లే ఒక గడి చేర్చుకున్నారు.

చివరి లింకు పనితో సంబంధం లేనిది పెడతాను. రామప్ప గుడి మీద ఒక వ్యాసం పెట్టాను ఒకసారి. 1213 నాటి కట్టడం, 2021లో యునెస్కో వారసత్వ జాబితాలోకి వచ్చింది, శిఖరానికి వాడిన ఇటుకలు నీళ్లలో తేలేంత తేలిక. పునాది గోతిలో ఇసుక నింపి దాని మీద కట్టే పద్ధతిని శాండ్‌బాక్స్ అంటారని అందులో ఉంది. ప్రోగ్రామును విడిగా పరీక్షించే చోటుకి మేము రోజూ వాడే మాట. డిసెంబరు సెలవుల్లో పుణె నుంచి ఇద్దరు హైదరాబాద్ వచ్చి, కారు మాట్లాడుకుని ములుగు జిల్లా పాలంపేట దాకా వెళ్లొచ్చారు.

మెయిల్ తయారీ

ఇది త్వరగా చెప్పేస్తాను. సబ్జెక్టు లైను ప్రతి వారం ఒకేలా మొదలవ్వాలి, వెతికితే పాతవన్నీ ఒకేసారి దొరుకుతాయి. మాది "టీ టైమ్ నాలుగు", తర్వాత ఆ వారం మొదటి వ్యాసంలోని అసలు విషయం. బొమ్మలు, రంగులు, పెట్టెలు వద్దు. ఆఫీసు అవుట్‌లుక్‌లో చాలా చోట్ల బొమ్మలు మొదట కనిపించవు. జీమెయిల్‌లో మెయిల్ 102 కేబీ దాటితే కింది భాగం కత్తిరించి చూపిస్తుంది. మామూలు అక్షరాలు, లింకుకీ లింకుకీ మధ్య ఖాళీ, పక్కన ఎన్ని నిమిషాలో. నిమిషానికి 200 పదాల లెక్కన వేస్తాను.

లింకుల దగ్గర మాత్రం కాస్త ఆగండి. మనందరికీ ఏడాదికోసారి ఫిషింగ్ (మోసపు మెయిళ్ల) మీద ట్రైనింగ్ ఇస్తారు, తెలియని లింకు నొక్కొద్దని చెబుతారు. మనం పంపేది చూడ్డానికి అలాంటి మెయిలే. అందుకే చిన్నదిగా కుదించిన లింకులు వాడొద్దు. లింకు పక్కన ఏ సైటో పేరు రాయండి. అడ్రసులో ప్రశ్న గుర్తు తర్వాత యూటీఎం అంటూ పొడుగ్గా తోక ఉంటే అది ఎవరు ఎక్కడినుంచి వచ్చారో లెక్కపెట్టడానికి పెట్టినది. తీసేసి, తెరుచుకుంటుందో లేదో చూసి పెట్టండి. మొదటి మెయిల్‌కి ముందే సెక్యూరిటీ టీమ్‌కి ఒక మాట చెప్పండి. నేను చెప్పాను, ఇప్పుడు వాళ్లలో ముగ్గురు మా మెయిల్ చదువుతారు.

అడ్రసులన్నీ "టు"లో పెట్టకండి. మూడో వారం నేను అదే చేశాను. ఒకాయన "థాంక్స్" అని అందరికీ జవాబిచ్చారు, ఇంకొకరు "దయచేసి అందరికీ పంపకండి" అని అందరికీ పంపారు, సాయంత్రానికి ముప్పై మెయిళ్లు. ప్రొడక్షన్ అలర్ట్, అంటే నడుస్తున్న అసలు సర్వర్ల నుంచి వచ్చే హెచ్చరిక, ఒకటి వాటి కింద పడిపోయి ఇరవై నిమిషాలు ఎవరూ చూడలేదు. ఆ ఇరవై నిమిషాలు నాకు ఇప్పటికీ గుర్తే. బీసీసీలో పెట్టండి, జవాబు మీ ఒక్కరికే వస్తుంది. వద్దన్నవాళ్లని అదే రోజు తీసేయండి, కారణం అడక్కండి.

వ్యాసం మొత్తం కాపీ చేసి మెయిల్‌లో పెట్టకూడదు, ముఖ్యంగా డబ్బు కట్టి చదివేవాటిని. మన కాపీరైట్ చట్టం 1957 నాటిది, ఆఫీసు లోపలి మెయిల్ కదా అని మినహాయింపు ఉంటుందనుకోకండి. చందాదారులకి కొన్ని పత్రికలు గిఫ్ట్ లింకు ఇస్తాయి, ఉంటే అది వాడండి. లేకపోతే చందా అవసరమని పక్కన రాయండి.

అన్నిటికంటే పెద్ద పొరపాటు నా వల్ల రెండో ఏడాది జరిగింది. ఒక వ్యాసం మీద రాస్తూ, "పోయిన నెల మనకి జరిగింది ఇలాంటిదే" అని రెండు వాక్యాలు చేర్చాను. అప్పటికి జాబితాలో క్లయింట్ వైపు వాళ్లు ఇద్దరున్నారు, వాళ్లే అడిగి చేరారు. ఆ సంఘటన గురించి వాళ్లకి ఇంకా అధికారికంగా చెప్పలేదు. మా మేనేజర్ గారు నన్ను గదిలోకి పిలిచి, తలుపు వేసి, నెమ్మదిగానే మాట్లాడారు. ఆయన ఆ రోజంతా ఫోన్లలో సంజాయిషీ చెప్పుకోవాల్సి వచ్చింది. నాకు వారం రోజులు టెన్షన్. అప్పటినుంచి రెండు నియమాలు పెట్టుకున్నాను. మెయిల్‌లో మన సంఘటనల ప్రస్తావన ఉండదు, "మనం కూడా ఇలా పనిచేస్తాం" అన్నంతవరకే. మెయిల్ పంపేముందు జాబితా ఒకసారి పైనుంచి కిందిదాకా చదువుతాను.

ఏదైనా తప్పు రాస్తే, తర్వాతి వారం మెయిల్ మొదటి లైన్లోనే దిద్దుతాను. కింద చిన్న అక్షరాల్లో పెట్టను.

ఎప్పుడు, చదువుతున్నారో లేదో ఎలా తెలుస్తుంది

మాది బుధవారం మధ్యాహ్నం 3:45. సోమవారం పొద్దున అందరి ఇన్‌బాక్సూ నిండి ఉంటుంది, శుక్రవారం సాయంత్రం మనసు ఊరి బస్సు మీద ఉంటుంది. మీ ఆఫీసులో అందరూ కాస్త ఊపిరి పీల్చుకునే వేళ ఏదో మీకే తెలుసు. టైమ్ ఏదైనా ప్రతి వారం అదే ఉండాలి.

ఎంతమంది తెరిచారో చూపించే టూల్స్ నేను వాడను. సహోద్యోగుల మీద అలా కన్నేసి ఉంచడం నాకు ఇష్టం లేదు. పైగా ఆ లెక్క సరైంది కూడా కాదు. మెయిల్‌లో పెట్టిన కనబడని బొమ్మ దిగితే తెరిచినట్టు అవి లెక్కేస్తాయి. 2021 నుంచి యాపిల్ మెయిల్‌లో ప్రైవసీ సెట్టింగ్ పెట్టుకున్నవాళ్ల దగ్గర మెయిల్ తెరవకపోయినా బొమ్మలు ముందే దిగిపోతాయి, తెరిచినట్టు లెక్కలో పడుతుంది. నేను చూసేది జవాబులు. ప్రతి మెయిల్ చివర ఒక్క లైనులో జవాబు చెప్పగలిగే ప్రశ్న ఒకటి వేస్తాను. వారానికి మూడు నాలుగు వస్తాయి. అవి షీటులో రాసుకుంటాను, ఎవరికి ఏది నచ్చిందో ఆర్నెల్లలో తెలిసిపోతుంది.

సంక్రాంతికి ఊరెళ్లినప్పుడు మెయిల్ ఆపకుండా ఇంకొకరికి అప్పగిస్తాను. షీటు ఇస్తాను గానీ ఏది పెట్టాలో చెప్పను. వాళ్లు ఏరే లింకులు నేను ఏరేవాటిలా ఉండవు. డేటాబేస్ అమ్మాయి పంపిన వారం నాలుగూ డేటాబేస్ మీదే ఉన్నాయి, నాకు రెండు అర్థం కాలేదు. తిరిగొచ్చాక ఆ అమ్మాయినే అడిగి చెప్పించుకున్నాను.

మీరు ఈ వారమే మొదలుపెట్టాలనుకుంటే అయిదుగురితో చాలు. ఎదురుగా కూర్చుని, "చదివావా? ఎక్కడ ఆపేశావు?" అని అడగగలిగినవాళ్లని ఎంచుకోండి. ఒక్క లింకుతో, మూడు వాక్యాలతో పంపండి. ఎనిమిది వారాలు అలా వెళ్లాక, "నన్నూ చేర్చండి" అని బయటివాళ్లు ఇద్దరు ముగ్గురు అడుగుతారు. అప్పుడు మీ మేనేజర్ గారి అనుమతితో ఐటీ వాళ్లని మెయిల్ గ్రూపు పెట్టమనండి. ఆ గ్రూపుకి పంపే అధికారం మీకూ ఇంకొకరికీ మాత్రమే ఉండేలా అదే రోజు సెట్ చేయించుకోండి.